చక్రవర్తికూర

ఎవరూ విత్తకుండా చేలో తనంతట తానే మొలిచే మొక్కకు మనవాళ్ళు చక్రవర్తి అని పేరు పెట్టారు. ఇందులో గౌరవమెంతో వెక్కిరింత ఎంతో తేల్చడం కష్టం. పప్పుకూర అన్నదీ దీని పేరే. సంస్కృతంలో వాస్తుకం, హిందీలో బథువా. శాస్త్రజ్ఞులు దీనిని కినోపోడియం ఆల్బం అన్నారు. మొదటి మాటకు గ్రీకులో పెద్దబాతు పాదమని అర్థం. ఆకు ఆకారాన్ని బట్టి వచ్చింది. రెండవ మాటకు లాటిన్‌లో తెల్లనిదని అర్థం. లేత ఆకులు పిండి చల్లినట్లుంటాయి.

రాయలసీమ అనగానే నెర్రెలు విచ్చిన నేల కళ్ళముందు నిలుస్తుంది. నల్లమల పాదాన ఉన్న మహానంది అందుకు మినహాయింపు. కోనేటిలో తేటగా ఊరే నీరు ఏడాది పొడుగునా పారి దిగువ పొలాలను తడుపుతుంది. 2022లో నంద్యాల జిల్లాలో చేరిన ఈ క్షేత్రానికి వెళ్ళినప్పుడల్లా నేను కోనేటికన్నా ఆ చేలగట్లనే ఎక్కువసేపు చూస్తాను. తడి ఉన్నచోట పైరుతో పాటు కలుపూ బలుస్తుంది. కలుపు తీసే స్త్రీలు పీకినదంతా పారవేసేవారు కారు. చక్రవర్తికూర, చెంచలికూర, గునుగు, గట్టున పొన్నగంటి ఏరి ఒడిలో వేసుకొనేవారు. పగటి కూలి ఆసామి ఇచ్చేవాడు. రాత్రికి కూర చేను ఇచ్చేది.

ఆ ఒడిని తలచుకుంటే నాకు వింతగా ఉంటుంది. శాస్త్రం చాలాకాలం చక్రవర్తికూర, పాలకూర, బీట్‌రూట్‌లను ఒక కుటుంబంగానూ, తోటకూర, చెంచలి, గునుగు, పొన్నగంటి, ఉత్తరేణిలను మరొక కుటుంబంగానూ ఉంచింది. 1998లో ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూపు వర్గీకరణ రెండింటినీ తోటకూర కుటుంబంలో కలిపింది. బీట్‌రూట్ ఎరుపూ, ఎర్రతోటకూర ఎరుపూ బీటలైన్లనే ఒకే తెగ రంగులు. గోంగూర కాడ ఎరుపు వేరు. బతుకమ్మలో గునుగు, చవితి పత్రిలో ఉత్తరేణి, పప్పులో చక్రవర్తికూర అన్నీ బంధువులే. పల్లె ఒడిలో అవి ముందే కలిసి ఉన్నాయి.

చక్రవర్తికూరకు ఆండీస్ పర్వతాల్లో ఒక తోబుట్టువు ఉంది: కినోవా. ఐక్యరాజ్యసమితి 2013ను కినోవా సంవత్సరంగా ప్రకటించింది. దాదాపు అదే కాలంలో అనంతపురం కరువును దృష్టిలో పెట్టుకొని 'ప్రాజెక్ట్ అనంత' కింద దాని సాగును ఇక్కడ పరీక్షించారు. మంచిదే. అయితే తోబుట్టువుల్లో ఒకరిని పొట్లంలో కొని తెచ్చుకొంటూ, మరొకరిని మందు కొట్టి చంపుతున్నాం.

రైతును తప్పు పట్టలేను. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. అవి నేలలో ఏళ్ళ తరబడి నిద్రిస్తాయి. కూలి ఖర్చు సామాన్యం కాదు. కనుక 2,4-డి వంటి వెడల్పాకు కలుపు మందులు చేలోకి వచ్చాయి. వాటితో మిగిలిన కూలి డబ్బు లెక్కలో కనబడుతుంది. పోయిన ఒడికూర కనబడదు. మందు పడిన చేలో ఆకు కోయరాదు. కోయని ఆకును తల్లి కూతురికి చూపించదు. మొక్క నశించడం లేదు, గింజ దాన్ని కాపాడుతుంది. నశిస్తున్నది పేరు. పేరు మరచిపోయాక ఏ కూరైనా కలుపే.

వండేవారికి ఒక మాట. ఈ ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు మితం పాటించాలి. తక్కినవారు మందు పడని చోట లేత చిగుళ్ళు కోసి, కందిపప్పుతో ఉడికించి, వెల్లుల్లి తిరగమోత వేసి చూడండి. మీ ఊళ్ళో దీనిని ఏమంటారో ఇంటి పెద్దలనడిగి రాసి పెట్టండి. మొక్క ఎలాగూ మళ్ళీ మొలుస్తుంది.