స్విచ్చు లేని గోడలు

"లైటు తీసెయ్యి, ఫ్యాను కట్టెయ్యి" అన్న హెచ్చరిక వినకుండా తెలుగింట పెరిగినవారు అరుదు. వేసవిలో టెక్సాస్‌లోని మా ఇంటికి వచ్చే అమ్మమ్మగారి నోట మా పిల్లలు ఆ మాటను రోజుకు పదిసార్లు వింటారు. "అమ్మమ్మ ఎందుకింత పిసినారి?" అని ఒకనాడు మా చిన్నమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న మమ్మల్ని నొప్పించింది. పిల్లలను కూర్చోబెట్టుకొని ఇంటి కరెంటు లెక్క వేశాము.

మన ఊళ్లలో సాధారణంగా ప్రతి ప్లగ్గుకూ పక్కనే ఒక స్విచ్చు ఉంటుంది. పని ముగియగానే దానిని ఆపడం చేతికి అలవాటవుతుంది. అమెరికాలోని ప్లగ్గులకు అటువంటి స్విచ్చులుండవు. అందుచేత టీవీ, ప్రింటరు, ఆటల పెట్టె ఆగినట్లు కనబడుతూనే కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూ ఉంటాయి. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. అన్నీ కలిసి 10 వాట్లే తీసుకున్నా, రాత్రింబవళ్లు కలిపి ఏడాదికి దాదాపు 88 యూనిట్లవుతాయి. ఆ కరెంటుతో 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపాన్ని రోజుకు 5 గంటల చొప్పున అయిదేళ్లు వెలిగించవచ్చు. గుణకారం చేసిన పిల్లలే ఆశ్చర్యపోయారు. ఇప్పుడు ఆ వస్తువులన్నిటినీ స్విచ్చున్న ఒకే పవర్ స్ట్రిప్‌కు కలిపాము. రాత్రి దానిని ఆపడం చిన్నమ్మాయి వంతు.

ఫ్యాను విషయంలోనూ అమ్మమ్మగారి మాటే నిజం. ఫ్యాను గదిని చల్లబరచదు. ఒంటికి గాలి తగిలించి మనిషికి చల్లదనమిస్తుంది. మనిషి లేని గదిలో దాని మోటారు వేడిని కొంచెం పెంచుతుంది కూడా. మనుషులున్నప్పుడు ఫ్యాను తిరుగుతుంటే ఏ.సి.ని 78 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద ఉంచినా హాయిగానే ఉంటుంది.

బట్టలారబెట్టే యంత్రం ఒక్క విడతకు సుమారు 3 యూనిట్లు తీసుకుంటుంది. టెక్సాస్ ఎండకు ఆ పని ఉచితం. పెరట్లో తాడు కట్టిననాడు పిల్లలు "దండెం" అన్న మాట నేర్చుకున్నారు. తడిబట్టలు దులిపి ఆరవేయడం అమ్మమ్మగారే నేర్పారు.

పిసినారి అక్కరకు కూడా వాడుకోడు. పొదుపరి అక్కర తీరాక ఆపుతాడు. ఈ రెండు మాటల తేడా మా పిల్లలకు నిఘంటువు చెప్పలేదు, కరెంటు లెక్క చెప్పింది. మీ ఇంట కూడా ఒక ఆదివారం ఈ లెక్కను పిల్లలచేత తెలుగులోనే వేయించండి. పక్కన పెద్దలుంటే ఇంకా మంచిది.