దీవులే ప్రయోగశాల

విశాఖపట్నం రేవులో ఓడెక్కితే అండమాన్ చేరడానికి రెండు రోజులకు పైగానే పడుతుంది. దూరం ఇంచుమించు 1,200 కిలోమీటర్లు. దిగాక మాత్రం పరాయి ఊరికి వచ్చినట్టు అనిపించదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లోని 3.8 లక్షల మందిలో 13 శాతానికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ కూలికీ వెళ్లి అక్కడే స్థిరపడినవారి పిల్లలు, మనవలు వీళ్లు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు గానీ జంగ్లీఘాట్ చేపల రేవులో ఇంకా పాత పేరే నోళ్లలో నానుతోంది.

పర్యాటకుల దారి అందరికీ తెలిసిందే. సెల్యులార్ జైలు, రాస్ దీవి, హావ్‌లాక్ ఇసుక. ఆ దారి వదిలి ఊరి చుట్టూ ఒక్క పూట తిరిగితే వేరే అండమాన్ కనిపిస్తుంది. హాడోలో 1977 నుంచీ ఉన్న జంతు శాస్త్ర సర్వే కేంద్రం, డాలీగంజ్‌లో 1983లో మొదలైన ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ శాఖ, గారాచర్మాలో 1978 నాటి వ్యవసాయ పరిశోధన సంస్థ, బ్రూక్స్‌బాద్‌లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర విభాగం. మానవ శాస్త్ర సర్వే అయితే 1951లోనే వచ్చేసింది. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని బోర్డులు దేశంలో మరెక్కడా ఉండవేమో. మరో విచిత్రం కూడా ఉంది. వైద్య పరిశోధన కేంద్రం వచ్చిన 32 ఏళ్లకు, 2015లో గానీ ఇక్కడ వైద్య కళాశాల తెరుచుకోలేదు. దీవుల జబ్బుల్ని చదివేవాళ్లు ముందు వచ్చారు, దీవుల పిల్లల్ని డాక్టర్లను చేసేవాళ్లు తర్వాత వచ్చారన్నమాట.

అయితే చదువు వృథా పోలేదు. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ చుట్టుపక్కల ఏటా వానాకాలం ముగిసే వేళకు ఓ అంతుచిక్కని జ్వరం వచ్చేది. నిన్నటిదాకా పొలంలో పని చేసిన కుర్రాడు ఒళ్లునొప్పులతో మంచమెక్కేవాడు, ఆపై దగ్గితే రక్తం పడేది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై కొందరు రోజుల్లోనే చనిపోయేవారు. పేరు తెలియక దాన్ని 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అన్నారు. 1993లో మళ్లీ విజృంభించినప్పుడు ఎస్.సి. సెహగల్ నాయకత్వంలోని ఐసీఎంఆర్ బృందం రోగుల రక్తాన్ని పరీక్షించి అసలు దోషిని పట్టుకుంది. అది లెప్టోస్పైరా అనే మెలికల బాక్టీరియా. ఎలుకలు, పశువులు, పందుల మూత్రంతో నేలలోకి చేరుతుంది. బురద నీటిలో బతుకుతుంది. కాలి పగుళ్లలోంచి, గాట్లలోంచి మనిషి ఒంట్లోకి దిగుతుంది. వరి కోతల కాలంలోనే జ్వరం ఎందుకు వస్తోందో అప్పుడు అర్థమైంది.

అంతకు ముందు లెప్టోస్పైరోసిస్ అంటే కామెర్లు, మూత్రపిండాల జబ్బు అనే డాక్టర్లు ఎక్కువగా అనుకునేవారు. ఊపిరితిత్తుల్ని ముంచేసే రూపం గురించి వైద్య ప్రపంచం తెలుసుకున్న చోట్లలో దిగ్లీపూర్ ఒకటి. తర్వాత అదే బృందం వారానికో డాక్సీసైక్లిన్ మోతాదుతో దీన్ని ఆపగలమా అని ఉత్తర అండమాన్‌లోనే పరీక్షించింది. 2000లో వెలువడిన ఫలితం నిజాయితీగా ఉంది. మాత్ర వేసుకున్నా బాక్టీరియా సోకుతూనే ఉంది, కాకపోతే జబ్బు పడేవాళ్లు తగ్గారు. ఇలాంటి సగం విజయాలే పల్లెల్లో ప్రాణాలు నిలబెడతాయి. పాలూరు విజయాచారి వంటి పరిశోధకులు ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ కేంద్రాన్ని లెప్టోస్పైరోసిస్‌పై తన సహకార కేంద్రంగా గుర్తించింది.

నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవులది ఇంకో కథ. బోదకాలు పరీక్ష అంటే మన పల్లెల్లో రాత్రిపూట వచ్చి రక్తం తీసుకోవడం రివాజు. ఆ పురుగు పిల్లలు రాత్రివేళే రక్తంలోకి వస్తాయి, దోమ కుట్టేదీ అప్పుడే. నాన్‌కౌరీలో మాత్రం అవి పట్టపగలు తిరుగుతాయి. అడవిలో చెట్టు తొర్రల్లో నిలిచిన నీటిలో పెరిగే ఓ దోమ అక్కడ పగలే కుడుతుంది కాబట్టి. దేశం మొత్తంలో ఈ రకం బోదకాలు ఉన్నది ఆ దీవుల్లోనే. దోమ మందు ఇళ్లలో చల్లితే ప్రయోజనం లేదు, తొర్రలన్నీ వెతకడం సాధ్యం కాదు. అందుకే మందు కలిపిన ఉప్పును ఇంటింటికీ పంచే పద్ధతిని అక్కడ పరీక్షించారు. కార్ నికోబార్‌లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి హెపటైటిస్-బి వైరస్ ఉందని తేలినప్పుడు కూడా అంతే. 2000 ప్రాంతంలో టీకాలు వేసి, వాటి రక్షణ ఎన్నేళ్లు నిలుస్తుందో చాలా కాలం గమనించారు.

హైదరాబాద్‌కు ఈ దీవులతో సంబంధం రక్తంతోనే మొదలైంది. లాల్‌జీ సింగ్, కె. తంగరాజ్ తదితర సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2003లో ఒకటి, 2005లో 'సైన్స్' పత్రికలో మరొకటి పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఓంగే, గ్రేట్ అండమానీ తెగల వారి మైటోకాండ్రియా డీఎన్ఏలో ఎక్కడా కనిపించని ప్రాచీన శాఖలు ఉన్నాయని, ఆఫ్రికా దాటిన తొలి మానవులు అరవై వేల ఏళ్ల కింద తీరం వెంట సాగిన ప్రయాణానికి వీరు మిగిలిన సాక్షులని వాదించారు. నికోబారీల మూలాలు మాత్రం ఆగ్నేయాసియా వైపు చూపాయి. వార్త ప్రపంచమంతా పాకింది. ఏడాది తిరగకుండానే ఎదురుదెబ్బ తగిలింది. ఎక్కడా లేదనుకున్న ఆ శాఖల్లో ఒకదాని బంధువులు ఉత్తర బెంగాల్ రాజవంశీల్లో కనిపించాయని 2006లో మరో బృందం అదే పత్రికలో రాసింది. దీవులకు మనిషి చేరింది అంత పాత కాలంలో కాదనీ, ఈశాన్య భారతం నుంచి తర్వాతెప్పుడో వచ్చి ఉంటాడనీ తదుపరి అధ్యయనాలు అన్నాయి. వాదం ఇంకా తెగలేదు. 2009లో హార్వర్డ్‌తో కలిసి సీసీఎంబీ చేసిన అధ్యయనంలో, నేటి భారతీయుల పూర్వీకుల్లో ఒక ప్రాచీన వర్గానికి ఉన్నవారిలో దగ్గరి చుట్టాలు ఓంగేలేనని తేలింది. అంటే మన అందరి చరిత్ర రాయడానికి చిన్న అండమాన్‌లోని వంద మంది చిల్లర మనుషుల రక్తం కొలబద్ద అయింది.

అక్కడే చిక్కు కూడా ఉంది. అంత చిన్న తెగలో రక్తమిచ్చినవారికి ఆ కాగితం మీద రాసింది ఎంతవరకు అర్థమై ఉంటుంది? ఆ జన్యువుల గురించి ఏ వార్త వచ్చినా అది తెగ మొత్తం మీద వచ్చిన వార్తే. 2021లో తంగరాజ్, జ్ఞానేశ్వర్ చౌబే బృందం జారవా, ఓంగేలకు కోవిడ్ ముప్పు ఎక్కువ కావచ్చని జన్యు ఆధారాలతో చెప్పింది. అలాంటి సమాచారం వాళ్లను కాపాడటానికి పనికొచ్చేదే. మానవ పరిణామం గురించిన వాదం వాళ్లకు ఏ విధంగా పనికొస్తుందో చెప్పడం కష్టం.

వైద్యం సైతం అమాయకమైన విషయం కాదిక్కడ. 1996లో కాలు విరిగిన జారవా కుర్రాడిని జి.బి. పంత్ ఆస్పత్రిలో నెలల తరబడి ఉంచి బాగుచేసి పంపారు. మరుసటి ఏడాది నుంచే జారవాలు విల్లంబులు పక్కన పెట్టి ఊళ్లలోకి రావడం మొదలైంది. 1999లో వాళ్లలో తట్టు వ్యాపించింది. ఒక ఎముక అతికిన చోట ఒక దూరం చెరిగిపోయింది. ఉత్తర సెంటినల్ కథ వేరు. 1991లో మానవ శాస్త్రవేత్తల బృందం చేతికి చేయి తగిలేంత దగ్గరగా కొబ్బరికాయలు అందించి వచ్చాక, కొన్నేళ్లకు ఆ యాత్రలే ఆపేశారు. ఇంతమంది శాస్త్రవేత్తలున్న దీవుల్లో శాస్త్రం కావాలని అడుగు పెట్టని చోటు అదొక్కటే.

భూమిని చదివేవాళ్లకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, భూమే పిలుస్తుంది. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం పుట్టించిన చిన్న సునామీని బంగాళాఖాతం రేవుల్లోని బ్రిటిష్ కాలపు పోటు మాపకాలు కాగితం మీద గీసి ఉంచాయి. ఆ గీతల ఆధారంగా ఓర్టిజ్, బిల్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ భూకంపం తీవ్రత 7.9 అని లెక్కగట్టి 2003లో ప్రచురించారు. మరుసటి ఏడాది డిసెంబర్ 26 ఉదయం అదే పలకల అంచు సుమత్రా నుంచి అండమాన్ దాకా 1,300 కిలోమీటర్ల మేర చీలింది.

దీవుల్లో దాదాపు మూడున్నర వేల మంది మరణించారు లేదా గల్లంతయ్యారు. అలలు తగ్గాక జీపీఎస్ పరికరాలతో వెళ్లినవారిలో హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు ఉన్నారు. వాళ్ల కొలతలు నమ్మశక్యం కానివి. కార్ నికోబార్ దాదాపు 6 మీటర్లు పక్కకు జరిగింది. పోర్ట్‌బ్లెయిర్ మీటరు దాకా కుంగింది. ఉత్తర అండమాన్ పడమటి అంచు పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి ఆరి తెల్లబడ్డాయి. కారణం తిరకాసుగా ఉన్నా అర్థం చేసుకోవచ్చు. దీవులున్న పలక కిందికి మన పలక దూరుతోంది. ఆ ఒత్తిడికి వంగి ఉన్న పై పలక ఒక్కసారి విడిపడితే అగాధానికి దగ్గరి అంచు లేస్తుంది, వెనక భాగం దిగుతుంది. పోర్ట్‌బ్లెయిర్ శివారు సిప్పీఘాట్‌లో ఆ దిగుడును ఇప్పటికీ కంటితో చూడవచ్చు. వరి పండిన నేల ఉప్పు నీటి మడుగైంది. గారాచర్మా శాస్త్రవేత్తలు ఉప్పును తట్టుకునే వరి రకాలు తయారు చేశారు గానీ, పోటుకు మునిగే పొలానికి ఏ వంగడమూ జవాబు కాదు.

2007 అక్టోబర్‌లో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. సముద్రపు అడుగున పీడన మాపకాలు, రేవుల్లో పోటు మాపకాలు, భూకంప కేంద్రాలు అన్నీ కలిసి నిమిషాల్లో అక్కడికి కబురు చేరుస్తాయి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఆ కేంద్రం నికోబార్‌కు హెచ్చరిక ఇచ్చి, పెద్ద అల రాదని తేలాక అదే రోజు ఉపసంహరించింది. ఒక్క విషయం మాత్రం లెక్కకు లొంగదు. అండమాన్ అగాధంలో పుట్టిన అలకు ఆంధ్ర తీరం చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. నికోబార్ ఒడ్డుకు అరగంట కూడా పట్టకపోవచ్చు. దీవులిచ్చే సమాచారం వల్ల ఎక్కువ సమయం దక్కేది మచిలీపట్నానికి, భీమిలికి. నికోబారీకి తన కాళ్ల కింద నేల ఊగడమే మొదటి హెచ్చరిక.

2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ, అండమాన్ సముద్రంలోనూ మీథేన్ మంచు కోసం రంధ్రాలు వేసింది. మన తీరంలో బాగా దట్టంగా దొరికింది. అండమాన్‌లో అగ్నిపర్వత బూడిద పొరల మధ్య అడుగు నేలకు 600 మీటర్ల లోతు దాకా కనిపించింది. ఆ బూడిద పుట్టిన తరహా నిప్పును ఈనాటికీ బ్యారన్ దీవిలో చూడవచ్చు. దాదాపు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో లేచిన ఆ కొండ, 2017 జనవరిలో గోవా సముద్ర శాస్త్ర సంస్థ నౌక పక్కన ఉండగానే మళ్లీ బూడిద చిమ్మింది.

దక్షిణాన చివరి దీవి గ్రేట్ నికోబార్. సునామీ రోజు గలాథియా అఖాతం ఒడ్డున తాబేళ్లను అధ్యయనం చేస్తున్న శిబిరం కొట్టుకుపోయింది. ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి దీపస్తంభం మొదలు నీళ్లలో నిలిచింది. ఇసుక తీరమే మాయమైంది. కొన్నేళ్లకు అలలు కొత్త ఇసుక పోశాయి, తోలుపెంకు తాబేళ్లు తిరిగొచ్చాయి. చిన్న అండమాన్‌లో గుడ్లు పెట్టిన అలాంటి తాబేళ్లకు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన కార్తీక్ శంకర్ బృందం ఉపగ్రహ పరికరాలు అమర్చితే, కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా వైపు ఈదాయి. ఒకటి 13 వేల కిలోమీటర్లు దాటింది.

అదే గలాథియాలో ఇప్పుడు కంటైనర్ల ఓడరేవు తలపెట్టారు. 2021లో అక్కడి అభయారణ్యం హోదా తీసేశారు. విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణంతో సహా మొత్తం ప్రాజెక్టుకు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించేందుకు, 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. పరిశోధన సంస్థలకు కొత్త పని పడింది. లెక్కపెట్టిన 20,668 పగడపు గుంపుల్లో 16,150ని పెళ్లగించి మరోచోట నాటాలి, తాబేళ్లకూ మెగాపోడ్ పక్షులకూ సంరక్షణ ప్రణాళికలు రాయాలి. ఇన్నేళ్లూ ఈ దీవి ఎంత అరుదైందో పత్రాల్లో రాస్తూ వచ్చిన శాస్త్రమే, దాన్ని ఎలా సర్దుకోవాలో కూడా చెప్పాల్సి వస్తోంది. గుడ్ల కాలం నవంబర్‌లో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. ఆ నెలల్లో రాత్రి వేళ, నాలుగైదు వందల కిలోల తాబేలు ఇసుక మీదికి ఎక్కి, గుంత తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, తెల్లారేలోగా సముద్రంలోకి దిగిపోతుంది.