నంది కొండ మీద తీరుబడిగా ఒక పగలు

ఆల్ప్సు కొండల మీది ఊళ్ళకు చలికాలంలో పోయేవాళ్ళంతా కాళ్ళకు పలకలు కట్టుకొని మంచు మీద జారేవాళ్ళేనని మేము చాలాకాలం అనుకుంటూ వచ్చాము. సినిమాలలో చూపించేది అదే కదా! మన సంఘంలోనే ఒక పెద్దమనిషి, కొడుకు దగ్గరికి స్విట్జర్లండు పోయి వచ్చినాయన, ఈ మాట విని నవ్వాడు. "జారేవాళ్ళు జారుతారు. తక్కినవాళ్ళు తీగ మీది బండిలో పైకి పోయి, దుప్పటి కప్పుకొని, ఎండలో కుర్చీ వేసుకొని కూర్చుంటారు. మా ఆవిడా నేనూ చేసింది అదే" అన్నాడు. ఆ మాటకు వస్తే దావోసు అనే ఊరికి పందొమ్మిదో శతాబ్దంలో పేరు తెచ్చింది క్షయరోగులేనట. నెలల తరబడి వరండాలలో పడక కుర్చీల మీద పడుకొని కొండగాలి పీల్చడమే వాళ్ళకు వైద్యం.

మన బెంగుళూరువాళ్ళకు మంచు లేకపోయినా నంది కొండ ఉన్నది. ఇక్కడివాళ్ళ నోట నందిబెట్ట. నగరానికి సుమారు 60 కిలోమీటర్లు. ఎత్తు 1,478 మీటర్లు, అంటే మన ఊరికంటె ఇంకా 550 మీటర్లు పైన. అక్కడ జారుడు ఆటకు బదులు సూర్యోదయం ఆట. శనాదివారాలలో తెల్లవారుఝామున నాలుగు గంటలకే కార్లూ మోటారు సైకిళ్ళూ బారులు తీరుతాయి. గేటు తీయగానే పరుగు. ఆ పరుగులో పడనివాళ్ళకు కొండ మీద పనేమీ లేదని లోకం అభిప్రాయం. నిరుటి దాకా మా అభిప్రాయమూ అదే.

నిరుడు ఒక ఆదివారం మేమూ ఆ బారులో నిలిచాము. పిల్లలు ముందు, వెనుక మేము, మా వెనుక అమ్మ. అమ్మకు డెబ్భై దాటినవి, మోకాళ్ళు రెండూ అరిగినవి. నాలుగు మెట్లెక్కి నిలబడిపోయింది. సూర్యుడు ఆగడు గదా! ఆమెను ఒక బల్ల మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తాము" అని పైకి పరుగెత్తాము. పైన చూసిందేమిటయ్యా అంటే తెల్లటి మబ్బు, ముందున్నవాళ్ళ వీపులు, చేతులెత్తి పట్టుకొన్న ఫోనులు. ఫోటోలని, కాఫీ అని గంటన్నర గడిపి దిగాము. అమ్మ కొంగు చెవుల చుట్టూ బిగించుకొని ఆ బల్ల మీదనే ఉన్నది. శాలువ మా సంచిలోనే ఉండిపోయింది. "బాగుందా అబ్బయా?" అని అడిగింది. అంతే. దారి పొడుగునా మరి మాట్లాడలేదు.

ఇక్కడ అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. మాది నెల్లూరు, రంగనాయకులపేట. ఇంటి నుంచి నాలుగడుగులు వేస్తే పెన్న. మా నాయన పోయిన తర్వాత ఆమెను ఇక్కడికి తీసుకువచ్చాము. ఇక్కడ మేము ఆఫీసులకు, పిల్లలు బడికి. ఆమెకు కన్నడం రాదు, ఎదురింటివాళ్ళకు తెలుగు రాదు. పక్కింటి తమిళ మామి ఒకతె గోడ మీదుగా చేతులు తిప్పి ఏదో చెబుతుంది, ఈమె తల ఊపుతుంది. పగలల్లా ఇంతే. ఆదివారం కొండకు తీసుకుపోతే అక్కడా బల్ల మీదనే వదలివచ్చాము.

ఈ దసరా సెలవులలో, ఒక మంగళవారం సెలవు పెట్టి, బాడుగ కారు మాట్లాడుకొని మళ్ళీ పోయాము. ఈ మాటు సూర్యోదయం జోలికి పోలేదు. ఇంట్లో ఇడ్డెన్లు తిని ఎనిమిదింటికి బయలుదేరాము. మోకాళ్ళ నొప్పులవాళ్ళకూ, చంటిపిల్లల తల్లులకూ, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి ఇంకా ఓపిక చిక్కనివాళ్ళకూ మేము చెప్పేది ఇది: వారం మధ్యలో పోండి, పొద్దుటి గుంపు దిగిపోయే వేళకు పోండి, శాలువ చేతిలోనే ఉంచుకోండి.

మొదట పైకి కాదు, అడుగున ఉన్న నంది గ్రామంలో భోగనందీశ్వరాలయానికి పోవాలి. చాలామంది సూర్యుడి తొందరలో దీన్ని దాటిపోతారు. తొమ్మిదో శతాబ్దం నాటి గుడి. తర్వాత చోళులు, హొయసళులు, విజయనగరంవారు తలా కొంత చేర్చారు. విశాలమైన రాతి ఆవరణ. పెద్దవాళ్ళు స్తంభాలు పట్టుకొని మెల్లగా తిరగవచ్చు. అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు పక్కపక్కన, నడుమ ఉమామహేశ్వరులు. కల్యాణమండపంలో నల్లరాతి స్తంభాల చెక్కడం ఎంతసేపు చూసినా తరగదు. అరుణాచలేశ్వరుడు బాల్యమనీ, భోగనందీశ్వరుడు యౌవనమనీ, కొండ కొమ్మున ఉన్న యోగనందీశ్వరుడు అన్నీ విడిచిన దశ అనీ ఇక్కడివాళ్ళు చెబుతారు. పైన ఆయనకు ఉత్సవాల సందడి లేదట. అమ్మ ఇది విని, "అయితే నేను పైకే పోవాలి" అన్నది. మా ఇంట్లో ఆవిడ గభాలున, "అదేమిటత్తయ్యా, ముందు భోజనం కానీండి" అన్నది.

గుడి పక్కన శృంగితీర్థమనే పెద్ద కోనేరు. నాలుగువైపులా మెట్లు, చుట్టూ మండపం. నంది కొమ్ముతో నేల చీలిస్తే గంగ పుట్టిందని కథ. అమ్మ పైమెట్టు మీదనే చతికిలబడింది. పిల్లలు మండపం చుట్టూ తిరిగారు. మేము స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాము. ముప్పావుగంట ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు. ఇంట్లో అట్లా కూర్చుని ఎన్నాళ్ళయిందో!

ఆ తర్వాత పైకి. మలుపుల దారిలో కారు మెల్లగా పోనిమ్మని చెప్పాము. కోటను గురించి బళ్ళో చదివిందే: టిప్పు వేసవి విడిది ఉన్నది, 1791లో కారన్‌వాలిసు సేనలు పట్టుకున్నవి, ఖైదీలను తోసేవారని చెప్పుకునే కొండ అంచు ఉన్నది. ఆ అంచు దగ్గర పిల్లల చేయి విడవకండి. అంతకంటె మాకు నచ్చినది మరొక సంగతి. మైసూరు కమిషనరుగా 1834 నుంచి 1861 దాకా ఉన్న మార్కు కబ్బన్ దొర వేసవికి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఇప్పుడది నెహ్రూ నిలయం. 1927లో గాంధీగారు జబ్బుపడితే, విశ్రాంతి కావాలని డాక్టర్లు పట్టుపట్టగా, ఏప్రిలులో ఈ కొండ మీదికే వచ్చి నెల పైగా ఉన్నారు. 1936లో మళ్ళీ వచ్చారు. అమ్మ వెంటనే, "ఆయనంతటివారే కూర్చోడానికి వచ్చారు, మనకేమి నామర్దా!" అని ఒక చెట్టు కింద బల్ల చూసుకొని కూర్చున్నది. ఈ మాటు పక్కన మేమూ కూర్చున్నాము.

కూర్చుంటే ఏముంది అంటారా? గాలి ఉన్నది. మబ్బు కాసేపు కప్పుతుంది, కాసేపు విడుస్తుంది. విడిచినప్పుడు కింద చెరువులు, ద్రాక్షతోటల పందిళ్ళు. అమృతసరోవరమనే మెట్ల కోనేటి దాకా మెల్లగా పోయి, గట్టున నిలబడి చూసి రావచ్చు. పక్షుల పేర్లు తెలిసినవాళ్ళకు రోజంతా చాలదు. మాకు కాకి, పావురం, మైనా తప్ప తెలియవు. కోతుల మాట మాత్రం మరవకండి. దద్ధోజనం డబ్బా మూత తీసి చెంచా కోసం అటు తిరిగామో లేదో డబ్బా చెట్టెక్కింది. కోతి మా కళ్ళ ఎదుటనే కరివేపాకు ఏరి పారవేసి తక్కినది తిన్నది. అమ్మ కళ్ళలో నీళ్ళు వచ్చేటట్లు నవ్వింది. అట్లా నవ్వడం బెంగుళూరు వచ్చిన తర్వాత మేము చూడలేదు.

ఆకలికి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొన్నాము. అమ్ముతున్న ఆమె మమ్మల్ని చూసి, "యాడ నుంచి వచ్చినారమ్మా?" అన్నది. చిక్కబళ్ళాపురం వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు కొల్లలుగా ఉన్నారని మాకు తెలుసు గాని, అమ్మకు ఎవరూ చెప్పలేదు. ఇక చూడండి! కాయలు పొట్లం కట్టడం ఆగింది. ఎంతమంది పిల్లలు, కోడలు ఎట్లా చూస్తుంది (ఇది మా ఆవిడ ఎదుటనే), మోకాళ్ళకు ఏ నూనె రాస్తున్నావు, అన్నీ అయినవి. ఆమె మాట అమ్మకు సగం కొత్తగా, సగం సొంతంగా ఉన్నట్లుంది. మేము రెండుసార్లు లేచి, రెండుసార్లు మళ్ళీ కూర్చున్నాము.

ఆ శనక్కాయల ఆమే అన్నది, "మీది నెల్లూరా? మీ పెన్న పుట్టేది ఈడే గదమ్మా!" నిజమే. ఈ నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండలలోనే పెన్న పుట్టింది. గౌరీబిదనూరు, హిందూపురం మీదుగా, గండికోట లోయ చీల్చుకొని, కడప సీమ దాటి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు చేరి సముద్రంలో కలుస్తుంది. పాలారు, అర్కావతి పుట్టిందీ ఈ చుట్టుపక్కలనే. ఇదంతా మాకు తెలియక కాదు, బళ్ళో బట్టీపట్టినదే. ఆమెతో ఒకసారైనా అనాలని తోచలేదు.

అమ్మ లేచి, కమ్మీ పట్టుకొని, కొండల వంక చాలాసేపు చూసింది. "నీళ్ళేవిరా?" అన్నది. కనపడవని చెప్పాము. పుట్టినచోట అది చిన్న పాయ, ఎక్కువ రోజులు ఎండే. "మన దగ్గరా ఎండాకాలం అంతే గదా. ఇసుకలో చెలమ తీసి, చెంబుతో తోడి, బిందె నింపేవాళ్ళం" అన్నది. పిల్లలకు చెలమ అంటే ఏమిటో తెలియదు. ఆమె అక్కడి మట్టిలో వేలితో గుంట తీసి చూపించింది. చుట్టూ ఉన్న మరి ఇద్దరు పిల్లలూ వచ్చి చూశారు.

దిగేటప్పుడు ముద్దేనహళ్ళి పోదామని అనుకున్నాము. 1861లో విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు, ఆయన సమాధీ అక్కడనే. ఆయన పూర్వీకులు కంభం, గిద్దలూరు వైపు మోక్షగుండం నుంచి వచ్చినవాళ్ళు, ఇంటిపేరే సాక్ష్యం. కాని పొద్దు పోయింది, అమ్మ అలసింది. అది మరొకసారికి ఉంచాము. దారిలో నల్లద్రాక్ష రెండు కిలోలు కొన్నాము.

దేవనహళ్ళి దాటిన తర్వాత, నిద్రపోతున్నదనుకున్న అమ్మ వెనుక సీటులో నుంచి అన్నది, "అబ్బయా, ఈ మాటు పోయేటప్పుడు పక్కింటి మామిని కూడా తీసుకుపోదాము. ఆమెకూ మోకాళ్ళే."