త్యాగచక్రం గోడ మీద సార్జెంటు పేరు

విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ దాకా జవాన్ల తోడు ఉంటుంది. బొబ్బిలిలో, పార్వతీపురంలో ట్రంకు పెట్టెలతో ఎక్కుతారు. పెట్టెను సీటు కిందికి తోసేసి, అమ్మ కట్టిచ్చిన జంతికల డబ్బా మాత్రం ఒళ్లో పెట్టుకుంటారు. నా ఎదుటి బెర్తు కుర్రాడిది బాడంగి దగ్గర పల్లె. సెలవు అయిపోయి జమ్ము వెళ్తున్నాడు.

"మీరెక్కడికండి?" అన్నాడు.

"జాతీయ యుద్ధ స్మారకానికి బాబూ. కార్గిల్‌లో పోయిన ఒక సార్జెంటు పేరు చూడాలి."

"మీకేటవుతారండి?"

"ఏమీ కారు."

సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్. ముందున్న ఆ పొడి అక్షరాలు చూస్తే మన బడి హాజరుపట్టీలో పేరులాగే ఉంటుంది. 1999 కార్గిల్ యుద్ధంలో, మే 28న తోలోలింగ్ శిఖరం మీద శత్రు స్థావరాలపై రాకెట్లు కురిపించడానికి నాలుగు ఎంఐ-17 హెలికాప్టర్లు వెళ్లాయి. మామూలుగా మనుషుల్నీ సరుకుల్నీ మోసే హెలికాప్టర్లకు రాకెట్లు బిగించి, దాడి హెలికాప్టర్లు చేయాల్సిన పని అప్పగించారు. ఆ ఎత్తులో గాలి పలచన. భుజం మీంచి వదిలే స్టింగర్ క్షిపణి ఇంజన్ వేడిని పట్టుకుని వెంటపడుతుంది. దాన్ని దారి తప్పించాలంటే మండే ఫ్లేర్లు వదలాలి. ప్రసాద్ ఉన్న హెలికాప్టర్‌కు ఆ పరికరం లేదు. అది తెలిసే వెళ్లారు. క్షిపణి తగిలి హెలికాప్టర్ కూలింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్లు ప్రసాద్, ఆర్.కె. సాహూ, నలుగురూ పోయారు. ఆ తర్వాత ఎంఐ-17లను దాడులకు పంపడం మానేశారు. నలుగురికీ మరణానంతరం వాయుసేన పతకం వచ్చింది.

విమానం కూలిందంటే మనం ముందు పైలట్ ఎవరని అడుగుతాం. వెనక నిలబడి ఇంజన్‌నూ ఆయుధాలనూ కనిపెట్టుకునే సిబ్బంది పేర్లు ఎవరూ అడగరు. ఇది నా మనసుకు పట్టడానికి కారణం మా ప్రాంతమే. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి పిల్లల్ని అధికారులుగా తీర్చిదిద్దుతోంది, నిజమే. కానీ ఉద్దానం నుంచి, చీపురుపల్లి నుంచి తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు తీసి సైన్యంలో చేరేవాళ్లలో ఎక్కువమంది సిపాయిలుగానే వెళ్తారు. ప్రసాద్ లాంటి వాళ్ల పేరు మరుగున పడిందంటే, రేపు వీళ్ల పేర్లూ అంతే కదా!

కుర్రాడు అంతా విన్నాడు. "ఫ్లేర్లు నేవని తెలిసీ ఎల్లిపోనారా?" అని ఒక్క మాట అడిగి, చాలాసేపు కిటికీలోంచి కొండల్నే చూస్తూ ఉండిపోయాడు.

నిజాముద్దీన్‌లో దిగి, మర్నాడు ఇండియా గేట్ దగ్గరికి వెళ్లాను. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ స్మారకంలో త్యాగచక్రం అంటే గుండ్రంగా పరుచుకున్న గ్రానైటు గోడలు. ఒక్కో రాయి మీద ఒక్కో పేరు, బంగారు రంగు అక్షరాల్లో. పాతిక వేలకు పైగా ఉన్నాయి. అక్కడ హోదాను బట్టి రాయి పెద్దదీ చిన్నదీ కాదు. స్క్వాడ్రన్ లీడర్‌కు ఎంత రాయో సార్జెంటుకూ అంతే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ప్రసాద్ పేరు దొరికాక వేళ్లతో తడిమాను. ఎండకి రాయి కాలుతోంది. పక్కనే ఒక ముసలాయన చెప్పులు విడిచి, ఇంకో రాయి ముందు చేతులు జోడించి ఉన్నాడు. మిగతా ముగ్గురి పేర్లూ వెతికాను. వాళ్ల తోటివాళ్లు మాత్రం మర్చిపోలేదు. 2019 మే 28న సర్సావా వాయుసేన స్థావరంలో అప్పటి వాయుసేనాధిపతి ధనోవా స్వయంగా ఎంఐ-17 నడిపి, పోయినవారికి గుర్తుగా వరసలో ఒక చోటు ఖాళీ వదిలి ఎగిరారు.

ఆ నాలుగు పేర్ల ఫోటోలూ రైల్లో కలిసిన కుర్రాడికి పంపించాను. రాత్రి జవాబు వచ్చింది. "మా ఊర్ల సెలక్షన్లకి పరుగు తీసే కుర్రోళ్ల గ్రూపులో పెట్టేనండి. ఆలు పేర్లడుగుతన్నారు, తెలుగులో రాసి పంపండి."