నా స్టీలు గ్లాసు, పిల్లల పరుగు పందెం

మొన్న జనవరిలో మా మనవరాలి స్కూల్లో ఆటల పోటీలు జరిగాయి. పిల్లకి ఏడేళ్లు, రెండో తరగతి. ఎనిమిది మంది పరిగెత్తిన పందెంలో ఎనిమిదోదిగా వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని బూటు లేసు విప్పుకుంటూ, "తాతా, వచ్చే ఏడాది ఈ రోజున నాకు జొరం వస్తుంది" అంది. పన్నెండు నెలల ముందే జ్వరం తేదీ చెప్పగలిగింది, మా కాలనీ జ్యోతిష్కుడి కంటే నయమే అనుకున్నాను. కానీ నవ్వు రాలేదు.

ముందు వరసలో ఉన్న ఒకావిడ, మన తెలుగావిడే, "పిల్లకి దిష్టి తగిలిందండీ, ఇంటికెళ్లగానే ఉప్పు దిగదుడవండి" అంది. ఆవిడ పక్కనున్న పెద్దమనిషి ఆ మాటకి నవ్వి, "అదంతా ఏం లేదు సార్, ఓడిపోతేనే పిల్లలు గట్టిపడతారు" అన్నాడు. ఆవిడది మూఢనమ్మకం, తనది లోకజ్ఞానం అని ఆయన ధీమా. నాకు మాత్రం రెండూ ఒక చెట్టు కాయల్లాగే కనిపించాయి. ఓడినవాళ్లు గట్టిపడతారని ఆయనకెలా తెలుసు? గట్టిపడ్డవాళ్లని చూశాడు. జ్వరం తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు మైదానానికి రారు కాబట్టి ఆయన కంట పడలేదు. తీరిన మొక్కులే లెక్కపెట్టే భక్తుడు చేసేదీ ఇదే కదా.

దిష్టి గురించి మాట్లాడటం మనకి అలవాటే. ఈ రెండో నమ్మకం గురించి మాట్లాడాలంటే నా సొంత కథ ఒకటి చెప్పాలి.

ఖరగ్‌పూర్‌లో మా సుభాష్‌పల్లి, ఆ చుట్టుపక్కల బస్తీల్లో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది రైలు పనికి వచ్చినవాళ్ల సంతానమే. మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నేనూ అందులోనే చేరి రిటైరయ్యాను. చిన్నప్పుడు బడిలో ఆటల పోటీలంటే మాకు పండగ. పరుగు, గోనెసంచి పందెం, చెంచాలో గోళీ పెట్టుకుని నడవడం, బెంగాలీ బళ్లలో అందరికీ తెలిసిన 'గో యాజ్ యు లైక్' అనే వేషాల పోటీ, తల్లులకి కళ్లకి గంతలు కట్టి కుండ పగలగొట్టించడం. వీటిలో పరుగు నాది. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా నూరు గజాల్లో మొదటి బహుమతి ఒక్కసారి కూడా వేరేవాళ్లకి పోలేదు. స్టీలు గ్లాసు, స్టీలు పళ్లెం, మళ్లీ స్టీలు గ్లాసు. మా అమ్మ వాటిని అరమరలో వరసగా పెట్టేది.

ప్రతి ఏడాదీ రెండోవాడిగా వచ్చింది మా వరస క్వార్టర్లలోనే ఉండే నా స్నేహితుడు. ఐదేళ్లు నా వీపు చూస్తూ పరిగెత్తాడు. ఆరో తరగతిలో పేరివ్వడం మానేశాడు. "నాకు కాళ్లలో బలం లేదురా, పుట్టుకే అంత" అనేవాడు. నేనూ అదే నమ్మాను. నాది పుట్టుకతో వచ్చిన గొప్పతనం, వాడిది పుట్టుకతో వచ్చిన లోపం అని. పునర్జన్మని నమ్మని మనం ఇలాంటి 'పుట్టుక'ని ఎంత సులువుగా నమ్మేస్తామో చూడండి.

మా అమ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున నా జాతకం దొరికింది. జయ నామ సంవత్సరం, కార్తీక మాసం అని ఉంది. అంటే 1954 నవంబరు. నా సర్టిఫికెట్లలో ఉన్నది 1956 జనవరి. నిజానికి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. రైల్వే కుటుంబాల్లో అప్పట్లో బడిలో వేసేటప్పుడు ఏడాదో ఏడాదిన్నరో తగ్గించి రాయించడం మామూలే. రేపు కుర్రాడికి ఉద్యోగం వస్తే ఆ మేరకు సర్వీసు ఎక్కువ దొరుకుతుందని. నాకూ దొరికింది. జీతం తీసుకున్నాను, పెన్షన్ తీసుకుంటున్నాను. గొప్పగా చెప్పుకునే విషయం కాదు, దాచుకునే వయసూ కాదు.

కానీ ఆ రోజు నా బుర్రలో మెదిలింది పెన్షన్ కాదు, నూరు గజాల పరుగు. తోటివాళ్లకి ఏడేళ్లు నిండినప్పుడు నాకు ఎనిమిది దాటి రెండు నెలలు. పద్నాలుగు నెలల తేడా అంటే ఏడేళ్ల పిల్లవాడి బతుకులో ఆరో వంతు. జాతకం చూసిన సిద్ధాంతి గారు, జయ నామ సంవత్సరంలో పుట్టాడు కనుక గెలిచాడు అని ఉండేవారు. అసలు కారణం అంతకంటే చాలా చిన్నది. నా కాళ్లు పొడుగు. ఒక జాతకం నాకు జీవితంలో పనికొచ్చింది ఆ ఒక్కసారే, అదీ అందులో ఉన్న పుట్టినతేదీ వల్ల.

ఇది నా ఒక్కడి కథ అయితే ఇంత రాయనక్కర్లేదు. 1985లో కెనడాలో రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినతేదీలు పరిశీలించారు. అక్కడ పిల్లల్ని వయసు వారీగా విడగొట్టేది జనవరి 1 లెక్కన. పెద్ద స్థాయి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు, చివరి నెలల్లో పుట్టినవాళ్లకంటే చాలా ఎక్కువగా కనిపించారు. ఈ సంగతి మన జ్యోతిష్కుల చేతికి చిక్కితే మకర, కుంభ రాశుల మహిమ అయిపోయేది. కానీ ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ వాళ్లు ఆ కటాఫ్ తేదీని మార్చినప్పుడు, ఆధిక్యం కూడా కొత్త తేదీ తర్వాతి నెలలకి జరిగిందని ముష్, హే అనే పరిశోధకులు 1999లో చూపించారు. గ్రహాలు కదల్లేదు, ఆఫీసులో ఒక తేదీ కదిలింది, అంతే. చిన్నప్పుడు కొన్ని నెలల పెద్దరికం వల్ల గెలిచినవాడికి 'ప్రతిభ ఉంది' అన్న పేరొస్తుంది. దాంతో శిక్షణ, ప్రోత్సాహం, ఆడే అవకాశం అన్నీ వాడికే దక్కుతాయి. చివరికి నిజంగానే మెరుగవుతాడు. రెండోవాడు నా స్నేహితుడిలాగా పేరివ్వడం మానేస్తాడు.

ఇక బహుమతుల సంగతి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు వేయడం ఇష్టమైన నర్సరీ పిల్లల్లో కొందరికి 'బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లకంటే తగ్గింది. బొమ్మలు వేయడం వేరు, పరుగు వేరు అనొచ్చు. నిజమే. ఒక ప్రయోగంతో పిల్లలందరి సంగతీ తేల్చేస్తే మనకీ ఉప్పు దిగదుడిచే ఆవిడకీ తేడా ఉండదు. అయినా ఆలోచించదగిన సంగతి మాత్రం ఉంది. పరిగెత్తడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేని ఆనందం. దానికి కప్పు తగిలించి వాళ్లలో కొందరికైనా చేదు చేస్తున్నామేమో.

అయితే పోటీలు ఎత్తేద్దామా? నా మటుకు నేను చాలాకాలం ఆ మాటే అన్నాను. నా నోరు మూయించింది మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే అతను. "మావాడికి లెక్కల్లో సున్నా, ఇంగ్లీషులో సున్నా. ఏడాదిలో వాడి పేరు మైకులో పిలిచేది ఆ ఒక్క రోజే. అదీ తీసేస్తారా పంతులుగారూ?" అన్నాడు (నేను పంతుల్ని కాను, కళ్లజోడుంటే ఆయనకి అందరూ పంతుళ్లే). దీనికి నా దగ్గర జవాబు లేదు. మిగతా 364 రోజులూ మార్కుల పోటీ నడిపే బడి, చదువులో వెనకబడ్డవాడు గెలిచే ఒక్క రోజున మాత్రం సమానత్వం బోధిస్తే అది న్యాయం కాదు.

ఇంకో వాదన ఈ ఊరికి సొంతమైనది. ఆటలో గెలిస్తే రైల్వేలో ఉద్యోగం. అది గాలి మాట కాదు. ఆగ్నేయ రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది. ధోనీ 2001 నుంచి 2003 వరకు ఈ ఊళ్లో టికెట్ కలెక్టరు. కానీ ఆయన్ని రైల్వే తీసుకున్నది ఇరవై ఏళ్ల వయసులో, అప్పటి ఆట చూసి. రెండో తరగతి నిమ్మకాయ చెంచా పందెంలో ఎన్నోవాడిగా వచ్చాడని ఎవరూ అడగలేదు. మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. బరువులెత్తే పోటీ ఏ చిన్నపిల్లల ఆటల పండగలో ఉంది? పొట్టి కాళ్లతో పరుగులో ఆఖరున వచ్చిన పిల్లని 'నీకు ఆటలు రావు' అని ఇంటికి పంపితే పోయేది ఇలాంటి అవకాశాలే.

నార్వే వాళ్లు ఒక మధ్య దారి పట్టారు. పిల్లల క్రీడలకి 1987లోనే నియమాలు రాసుకున్నారు. అక్కడ చిన్నపిల్లలకీ పోటీలుంటాయి. కానీ పదకొండో ఏడు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో ఆ చిన్న దేశం 39 పతకాలతో మొదటి స్థానంలో నిలిచింది. ఈ నియమాల వల్లే గెలిచారు అని నేననను. వాళ్లకి మంచు ఉంది, డబ్బు ఉంది. కానీ ఒక్కటి మాత్రం రుజువైంది. ఏడేళ్ల వయసులో ర్యాంకులు ఇవ్వకపోతే పెద్దయ్యాక చాంపియన్లు పుట్టరు అనే మాట అబద్ధం.

స్కూలు వాళ్లకి నేను రాసిచ్చినవి మూడే మాటలు. ఒకటి, పదేళ్ల లోపు పిల్లల్ని తరగతి వారీగా కాకుండా పుట్టిన నెలల వారీగా జట్లు చేయండి. రెండు, గడియారంతో కొలిచి ఎవరి సమయం వాళ్లకి చెప్పండి, నెల తర్వాత మళ్లీ కొలవండి. పందెం కావాలన్నవాళ్లకి పందెం కూడా పెట్టండి, బహుమతీ ఇవ్వండి, కానీ పేరిచ్చేది పిల్లలే కావాలి. మూడు, ఆ రోజు ప్రతి పిల్లా కనీసం ఒక గంట ఆడాలి. నలభై మంది ఉన్న తరగతిలో ఎనిమిదేసి మందిని పరిగెత్తించి, ఒక్కో మొదటివాణ్ణి ఫైనల్‌కి తీసుకుంటే, ముప్పై అయిదు మంది ఇరవై సెకన్లు పరిగెత్తి మిగతా పూటంతా ఎండలో కూర్చుంటారు. దాన్ని ఆటల రోజు అనడం ఎందుకు, కూర్చునే రోజు అనొచ్చు. వాళ్లు చదివారు, చూద్దాం అన్నారు. చూడాలి.

నా స్నేహితుడు ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నాడు. పోయినేడు టీ కొట్టు దగ్గర జాతకం సంగతి, పద్నాలుగు నెలల సంగతి వాడికి చెప్పేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "అయితే అరవయ్యేళ్లుగా నా గ్లాసులో నీళ్లు తాగుతున్నావన్నమాట" అన్నాడు. ఇంకాసేపు ఆగి, "మా నాన్నకి తెలిసుంటే బాగుండేదిరా. నన్ను సోమరి అనుకుని పోయాడు" అన్నాడు.

ఓటమి పిల్లల్ని గట్టిపరుస్తుందని ఇకమీదట ఎవరైనా అంటే నాకు ఆ మాట గుర్తొస్తుంది. మా మనవరాలు నవంబరులో పుట్టింది, తరగతిలో అందరికంటే చిన్నది. ఆ సంగతి దానికి లెక్క వేసి చెప్పాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, "అయితే నేను వాళ్లంత పెద్దయ్యాక మళ్లీ చూద్దాం" అంది. జ్వరం మాట మళ్లీ ఎత్తలేదు.