పరిగె – శిలోంఛం

కోత ముగిసిన చేలో రాలిన కంకులను బీదలు ఏరుకోవడాన్ని మన పల్లెల్లో పరిగె ఏరడం అంటారు. ఆ పనినే ఇతివృత్తంగా గైకొన్న రెండు ఫ్రెంచి తైలవర్ణచిత్రాలు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. ఒకటి మిలే 1857లో ప్రదర్శించినది. రెండవది బ్రెతోఁ 1859లో వేసినది.

మిలే చిత్రంలో ముగ్గురు స్త్రీలు. ఇద్దరు నేలకు వంగి ఏరుతున్నారు. మూడవ ఆమె నడుము సగమే ఎత్తింది. ముఖాలు నీడలో ఉన్నాయి. దూరాన వెలుగులో ధాన్యపు కుప్పలు, నిండిన బండి, గుర్రంపై పెత్తందారు. వీరి చేతుల్లో గుప్పెడు కంకులు. ఆ దూరమే ఇక్కడి వర్గభేదం.

బ్రెతోఁ చిత్రంలో సంధ్యవేళ, నెలవంక. కావలివాడు నోటికి చేయి అడ్డుపెట్టి ఇక చాలించండని కేకవేస్తున్నాడు. స్త్రీల పాదాలకు చెప్పులు లేవు, బట్టలు చిరుగులు. అయినా మోపులెత్తుకొని రాణులవలె నిటారుగా నడుస్తున్నారు. ఆయన ఎన్నుకొన్నది పని కాదు, పని ముగిసిన క్షణం.

మొదటి చిత్రంలో ఒక విమర్శకునికి 1793 నాటి వధ్యస్థానాలు స్ఫురించాయట! 1848 విప్లవం అప్పటికింకా పాతబడలేదు. రెండవది రాజాస్థానానికి నచ్చింది. మూడవ నెపోలియన్ దానిని 1862లో లక్సెంబర్గ్ మ్యూజియానికి ఇచ్చాడు. పేదరికం రెండింటా ఒక్కటే. వంగిన వీపు చూసేవారిని నిలదీస్తుంది, నిటారైన మెడ ఊరడిస్తుంది.

మన భాషలోనూ ఈ పనికి రెండు పేర్లున్నాయి. గింజలు ఏరడం ఉంఛం, కంకులు ఏరడం శిలం. భారతంలోని అశ్వమేధపర్వంలో సక్తుప్రస్థుడు ఉంఛవృత్తితో బ్రతికిన విప్రుడు. ధర్మరాజు యజ్ఞం ఆయన పిండిదానానికి సాటిరాదని సగం బంగారు దేహం గల ముంగిస చెబుతుంది. ఈ కథ తరగతిలో చెబుతూ, ఉంఛమంటే దాదాపు మన పరిగేనని వివరించేవాణ్ణి. ఒకసారి వెనుక వరుస నుండి ఒక బాలుడు లేచి, "మరి మా అమ్మ ఏరితే ఆ పేరెందుకు పెట్టరు మాస్టారూ?" అన్నాడు. కోరి వరిస్తే వ్రతమనీ, ఆకలి వంచితే కూలిపని అనీ లోకం అంటుందని చెప్పాను. వాడు కూర్చున్నాడు గాని, తృప్తిపడినట్లు తోచలేదు.

బ్రెతోఁ అబద్ధం చెప్పాడనను. మోపు తలకెత్తుకొన్న మన ఆడవారి నడకలోనూ ఆ ఠీవి ఉంది. కాని ఆ మోపు కోసం ఎన్నిసార్లు వంగవలసి వచ్చిందో మిలే చిత్రమే చెబుతుంది. అందుకే నా ఓటు దానికి.

పరిగెకు మీ సీమలో వేరే మాట ఉంటే తెలుపగలరు.