వాన కబురు

వాన రాకడయు, ప్రాణము పోకడయు నెవ్వరెరుగుదురని మన పెద్దల సామెత. అందు రెండవ మాట నేటికిని నిజమే. మొదటి మాట సగము పాతబడినది. ప్రతిదినమును వార్తాపత్రికలోను, రేడియోలోను, చేతిలోని ఫోనులోను వాన కబురు వచ్చుచునే యున్నది. అయినను, సోదరీమణులారా, మనలో నెందరము దానిని చెవిని బెట్టుచున్నాము? అది పొలమునకు బోవు మగవారి ప్రసంగమని యూరకుందుము. మిరపకాయలు ఎండబెట్టునది మనము; వడియములు పెట్టునది మనము; బిడ్డను వాగు దాటించి బడికి బంపునది మనము. వానతో మనకు గల లెక్క మగవారికన్న తక్కువది కాదు.

మన తెలుగున వానకు గల పేర్లను చూడుడు: తుంపర, చినుకు, జల్లు, ముసురు, జడి, కుండపోత. ఇవి కవుల యలంకారములు కావు. ఒక్కొక్కటి యొక్కొక్క జాతి వాన. అర మిల్లీమీటరు వ్యాసమునకు లోబడిన బిందువులు మెల్లగా దిగినచో శాస్త్రజ్ఞులు తుంపర యందురు. ముసురు ఆకాశమెల్ల పరచుకొనిన పొరమబ్బునుండి గంటలకొలది దిగును. ఊరంతయు నొకే రీతిగా తడియును. జల్లు అట్టిది కాదు. కొండవలె నిలువున పెరిగిన యొక్క మబ్బు తెచ్చునది గనుక, ఒక వీధిని ముంచి రెండవ వీధిని విడిచిపోవును. ఆ నిలువు మబ్బే వేసవి సాయంకాలములందు మరింత పెరిగినపుడు, లోపల పైకెగయు గాలి నీటిబొట్లను గడ్డకట్టు చలిలోనికి కొనిపోవును. అచ్చట నవి మంచుగుండ్లై, నీటిని పొరలుపొరలుగా చుట్టుకొని, గాలి మోయలేనంత బరువెక్కినపుడు వడగండ్లై రాలును. అవి రాలిన దినమున మామిడితోపుల వారి యింట పొయ్యి వెలుగదు.

వానను కొలుచుట మనకు క్రొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, కోష్ఠాగారమునందు మూరెడు మూతి గల పాత్రనుంచి వర్షమును కొలువవలయునని యున్నది. వరాహమిహిరుని బృహత్సంహితలో మేఘగర్భముల లక్షణములకును, వర్షప్రమాణమునకును వేరువేర ధ్యాయములే కలవు. మా తండ్రిగారు ఆ భాగము నాకు పాఠము చెప్పుచు, మబ్బు గర్భము దాల్చిన 195వ దినమున ప్రసవించునను లెక్కను వ్రేళ్లపై వేయించెడివారు. ఆ లెక్కలోని సాహసము నాకిప్పటికిని ముచ్చటయే. దానిని నమ్ముకొని మాత్రము వడియములు పెట్టను. ఉగాదినాడు పంచాంగమున వినిపించు వర్షపు లెక్కయు నట్టిదే: సముద్రమున నిన్ని భాగములు, కొండలపై నిన్ని, భూమిపై నిన్ని యని ఏడాదికంతటికి నొక్క మాట. ఎల్లుండి మన ముంగిట నేమగునో యది చెప్పదు.

1875లో స్థాపితమైన భారత వాతావరణశాఖవారి లెక్క వేరు. ఉదయము 8-30 గంటలకు, అంతకు ముందరి యిరువదినాలుగు గంటల వాన నంతయు కొలుతురు. 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వాన, 64.4 వరకు మోస్తరు, 64.5 మొదలు భారీ, 115.6 మొదలు అతిభారీ. మిల్లీమీటరన్న బెదరనక్కరలేదు. చదరపు మీటరు నేలపై నొక లీటరు నీరు, అంతియే. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల డాబాపై 65 మిల్లీమీటర్లు కురిసినచో 6,500 లీటర్లు దిగినదన్నమాట.

"వాళ్ల మాట నమ్మి బట్టలన్నీ తీశాను, చుక్క పడలేదు" అని మా అత్తగారు వాతావరణమువారిని తరచు దెప్పుచుందురు. కబురున "ఒకటి రెండు చోట్ల" అన్నచో ఆ ప్రాంతపు వాన కేంద్రములలో నాలుగవ వంతునకు మించదు. "కొన్ని చోట్ల" అన్నచో సగము లోపు. "దాదాపు అన్ని చోట్ల" అన్నచో ముప్పాతికకు పైగా. ఈ యర్థమును కబురు చదువువారు విప్పి చెప్పరు. నా ఫిర్యాదంతయు నదియే. "ఒకటి రెండు చోట్ల" అన్ననాడు మన ముంగిలి తడియకుండుటయే సహజమని నేననగా, "అయితే ఆ మాట చెప్పడం దేనికే?" అని అత్తగారనిరి. ఆ ప్రశ్నయు త్రోసివేయదగినది కాదు.

కార్తికమాసపు మాట వేరు. నైరుతి వానలు రాక రైతు నేడిపించును. ఈశాన్యపు వానలు పంట చేతికందు వేళ వచ్చి యేడిపించును. మా కృష్ణాతీరమున నవంబరు వాయుగుండమన్న నేటికిని గుండె జల్లుమనును. 1977 నవంబరు 19న దివిసీమపై బడిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. మా వైపు ఆ తేదీని పెద్దవారెవ్వరును మరువలేదు.

పోయిన కార్తికమున, చెరువుకట్ట కావల కౌలుసేద్యము చేయు నొక యిల్లాలు పరుగున వచ్చి, "అమ్మగారూ, రేపటికి కోతకూలీలను చెప్పుకున్నాం. వాన వస్తుందంటారా?" అని యడిగెను. రెండెకరముల చేను, అర యెకరము కోసి పనలమీద నున్నది. మదుపంతయు అప్పు తెచ్చినది. కూతురి కళాశాల రుసుము ఆ ధాన్యముతోనే కట్టవలయును. ఆనాటి కబురున నారింజ రంగు హెచ్చరిక గలదు. పసుపు కనిపెట్టియుండుడనియు, నారింజ సిద్ధపడుడనియు, ఎరుపు వెంటనే కదలుడనియు భావము. "కోత ఆపమ్మా. నిలబడ్డ చేను పడిపోతే లేపి కట్టుకోవచ్చు, కోసిన పన నీళ్లలో నానితే మొలకెత్తుతుంది" అని చెప్పితిని. చెప్పితినే గాని ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. వాన రాకపోయినచో ఆ కూలీలు మరల నెన్నడు దొరకుదురో!

ఆలుమగలు రాత్రికి రాత్రి పనలను మెరకకు చేర్చి, కుప్పవేసి, పరదాలు కప్పిరి. తెల్లవారుజామున మొదలై వాన రెండు దినములు విడువలేదు. తెరపి యిచ్చిన పిదప, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి తడిసిన వెన్నులపై పిచికారి చేసిరి; ఉప్పునీరు మొలకను ఆపునని వ్యవసాయ శాస్త్రజ్ఞుల సలహా. కోసినదానిలో కొంత రంగు మారి ధర తగ్గినది. నిలిచిన చేను సగము వాలినను, దుబ్బులను నాలుగేసి కలిపి కట్టి లేపిరి. ధాన్యము ఆలస్యముగా నమ్ముడుపోయినది. రుసుము గడువులోగానే కట్టిరి.

ఇప్పుడామెయు తన పెరటిలో నిలువు గోడల రేకు డబ్బా నొకదాని నుంచినది. స్కేలుతో కొలిచి, ఉదయమున కూతురిచేత నా కొలత అడిగించుచుండును. మొన్నటి జల్లునకు నా డబ్బాలో 11 మిల్లీమీటర్లు, ఆమెదానిలో 3. మా రెండిండ్లకు నడుమ నున్నది ఆ చెరువు మాత్రమే.